డెబ్బై డిగ్రీలు

అబ్బా! మెల్లగా తల్లీ, మెల్లగా! అది నీ మొగుడి మోకాలు. వానకి బిగుసుకుపోయిన కిటికీ తలుపు కాదు, ఒక్క గుంజు గుంజితే ఊడి రావడానికి.

తొడ వదిలేయాలా? వదిలేశాను కదా! ఇంతకన్నా ఎలా వదలమంటావ్, విప్పి నీ చేతిలో పెట్టనా? ఇరవై ఆరేళ్ళు బస్సు క్లచ్చి తొక్కిన కాలు ఇది. నువ్వు వదలమనగానే వదిలేస్తుందా?

అమ్మో... అమ్మో... ఆగు! అంతే! అక్కడితో సరి. తే నీ కోణాల స్కేలు, కొలుచుకో. ఎంత?

డెబ్బై. నేను చెప్పలా? నిన్న డెబ్బై, మొన్న డెబ్బై, మూడు వారాల నుంచీ డెబ్బై. నీ నోటుపుస్తకంలో అదే అంకె కిందికి దిగుతూనే ఉంది, కావాలంటే రేపటిది కూడా ఇవాళే రాసేసుకో.

అదేమిటి, స్కేలు పక్కన పెట్టేశావ్? ఇంకా పదిసార్లు వంచాలిగా? రోజూ నా ప్రాణం తీసి గానీ వదలవు, ఇవాళేంటి ఇంత దయ?

ఏమన్నావ్? ఇంకోసారి అను.

దరఖాస్తు ఇవ్వవా?

బాగుంది! చాలా బాగుంది! ఇవాళే ఆఖరి రోజు. కాలేజీలో ఐదింటికి కౌంటరు మూసేస్తారు. ఇప్పుడు రెండున్నర. పొద్దున్నే లేచి తల దువ్వుకుని, ఆ నీలం ఫైలు మూడుసార్లు తెరిచి మూసి, కాగితాలన్నీ లెక్క చూసుకుని, ఇప్పుడు తీరిగ్గా ఇవ్వనంటావా? మరి ఈ మూడు నెలలూ ఈ ఇంట్లో నేను పడ్డ పాట్లకి జవాబెవరు చెప్తారు?

ఏం పాట్లా? చెప్పనా?

అద్దంలో మొహం చూసుకుందామంటే అద్దం నిండా ఎముకల పేర్లు. రెండొందల ఆరు ఎముకలట! మనిషికి అన్ని ఎముకలున్నాయని నాకు తెలీనే తెలీదు, నాకు విరిగింది ఒక్కటే. ఉప్పు డబ్బా మీద తొడ ఎముక పేరు, పంచదార డబ్బా మీద పిక్క ఎముక పేరు. టీలో రెండు చెంచాల పిక్క వేసుకుని తాగాను నేను!

సరే, డబ్బాలు పోనీ. నా వీపు? కండరాలు గుర్తుండట్లేదని నన్ను బోర్లా పడుకోబెట్టి స్కెచ్ పెన్నుతో గీతలు గీసి పేర్లు రాశావా లేదా? సరిగ్గా ఆ పూటే మా కండక్టరు చూడ్డానికి వచ్చాడు. నేను చొక్కా వేసుకునేలోపే చూసేశాడు. "ఏరా, వీపు మీద అడ్రసు రాయించుకున్నావా, తప్పిపోతావని?" అన్నాడు. వారం తిరక్కుండా డిపో అంతా పాకింది.

ఇంకా ఉంది. గుండె ఆగిపోతే మళ్ళీ కొట్టుకునేలా చేయడం నేర్చుకుంటానని నా దిండు నేలమీద పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని, పైకి లెక్కపెడుతూ ఆ గుద్దుడేంటి? కింది అంతస్తావిడ పరిగెత్తుకొచ్చింది, నన్నే కొడుతున్నావనుకుని. దిండుని చూసి ఊపిరి పీల్చుకుంది. ఆ దిండు ఇప్పటికీ కోలుకోలేదు.

నవ్వవేం? నవ్వొచ్చే మాటలే కదా చెప్తున్నా.

అసలిదంతా ఆ ఫిజియోథెరపీ మేడమ్ వల్ల వచ్చింది. నేను ఆగి ఉన్న బస్సు మెట్టు మీంచి జారి పడి, అవును, ఆగి ఉన్న బస్సే, ఇరవై ఆరేళ్ళు దానికి గీత పడనివ్వకుండా నడిపి చివరికి దాని మెట్టు మీంచే పడి మోకాలిచిప్ప పగలగొట్టుకుని, ఆపరేషనై, కట్టు విప్పి, ఆవిడ దగ్గరికి చేరితే, నాతోపాటు వచ్చినదానివి నోరు మూసుకుని కూర్చోవాలా వద్దా? "మేడమ్, ఆయన కుడి భుజం కిందికి వాలుస్తున్నారండి, ఎడమ కాలు మీద బరువు మోపట్లేదు" అన్నావు. ఇరవై ఏళ్ళు బట్టలు కుట్టిన కళ్ళు కదా, భుజం అరంగుళం దిగినా పట్టేస్తాయి.

ఆవిడ నన్నొదిలేసి నిన్ను చూసింది. "మీరు థెరపిస్టులకి అసిస్టెంటుగా బాగా పనికొస్తారమ్మా. రెండేళ్ళ కోర్సుంది, ఎందుకు చేరకూడదు?" అంది.

నేను బల్ల మీద పడుకుని పకపకా నవ్వాను. నలభై ఆరేళ్ళకి కాలేజీయా అన్నాను. గుర్తుంది నాకు. నువ్వు మర్చిపోయావనుకున్నా, మర్చిపోలేదన్నమాట. సరే.

నవ్వాను గానీ, చేసింది కూడా చూశాగా? పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య కూర్చుని జీవశాస్త్రం పరీక్ష రాసొచ్చావు, ఎనభై ఒకటి తెచ్చుకున్నావు. దరఖాస్తుకి కావాలని ఆ మేడమ్ క్లినిక్కులో అరవై గంటలు మూల కుర్చీలో కూర్చున్నావు. ముట్టుకోకూడదట, మాట్లాడకూడదట, ఊరికే చూడాలట, గంటగంటకీ ఆవిడ సంతకం పెట్టాలట. నన్ను ఇరవై నాలుగేళ్ళ నుంచి చూస్తున్నావ్, ఒక్కళ్ళు సంతకం పెట్టారా?

అరవై గంటలూ అయ్యాయి. సంతకాలయ్యాయి. మేడమ్ ఉత్తరం రాసిచ్చింది. ఫొటో కూడా దిగావు, ఏదో దొంగతనం చేసి దొరికినట్టు. ఇంకేం మిగిలింది?

తెలుసు తెలుసు, ఆ వ్యాసం. "మొదటి నుంచి చివరి వరకూ మీరు దగ్గరుండి చూసిన ఒక రోగి గురించి రాయండి" అన్నారు, నువ్వు నా గురించి రాశావు. ఊళ్ళో ఇంకెవరికీ కాళ్ళు లేనట్టు.

చదివాన్లే. బల్ల మీద పెట్టి వెళ్తే చదవనా? "కట్టు విప్పిన రోజు ముప్పై డిగ్రీలు వంగిన మోకాలు, ఈరోజుకి" అని, అక్కడ ఒక ఖాళీ, ఆ తర్వాత "డిగ్రీలు వంగుతోంది." ఆ ఖాళీ కోసమే కదా ఈ రోజువారీ హింస? క్లినిక్కులో ఆఖరిసారి డెబ్బై వచ్చింది. "ఇక ఇంట్లో మీరే చేయించండి, నెల తర్వాత కొలుద్దాం" అని మేడమ్ నన్ను నీకు అప్పజెప్పింది. అప్పట్నుంచీ నువ్వు వంచడం, నేను అరవడం, అంకె కదలకపోవడం.

నూరు అని రాసెయ్యమన్నాను. నిన్న కాదూ? ఎవరొచ్చి చూస్తారు? కాలేజీ వాళ్ళు మన మంచం దగ్గరికొచ్చి నా కాలు ఎత్తి చూస్తారా? అంటే నువ్వు నన్నెలా చూశావ్! "కొలిచిందే రాయాలండీ" అన్నావు. అరంగుళం తేడా వస్తే కుట్టిన చొక్కా మొత్తం ఊడదీసే మనిషివి, నీకు చెప్పడం నాదీ బుద్ధి తక్కువ.

పోనీ డెబ్బై అనే రాయి! డెబ్బై మాత్రం తక్కువా? ముప్పైకి రెట్టింపు పైనే కదా?

ఏంటీ? గట్టిగా అను, గొణక్కు.

"కట్టుకున్నవాడి మోకాలే వంచలేనిదాన్ని, ఊళ్ళో వాళ్ళకేం చేస్తాను" అంటావా? "చూసి నేర్చుకోవడం వేరు, చేతికి రావడం వేరు, నా చేతికి రాలేదు" అంటావా?

ఎంత మాట! నీ చేతులకేమైందని? చూడు, నీ చేతులు బాగానే...

ఫైలు ఎక్కడ పెడుతున్నావ్? బీరువా మీదా? ఆ పాత సూట్‌కేసు వెనకా? అక్కడ పెడితే అది మళ్ళీ కిందికి దిగుతుందా? ఈ కోర్సులోకి రెండేళ్ళకోసారి తీసుకుంటారని నువ్వే కదా చెప్పావ్? రెండేళ్ళ తర్వాత నీకు నలభై ఎనిమిది. అప్పుడు నేను నవ్వక్కర్లేదు, నువ్వే నవ్వుకుంటావ్.

ఇప్పుడా మిషను మూత ఎందుకు తీస్తున్నావ్? మూడు నెలలైంది ముట్టుకుని. ఎవరివి ఆ బట్టలు? ఇవాళే కుట్టాలా?

ఆపు. ఆ చప్పుడాపు కాసేపు. నీతో మాట్లాడాలి.

ఆపమన్నానా!

ఇలా రా. ఇక్కడ కూర్చో, మంచం మీద. మొహం అటు తిప్పుకున్నా పర్లేదు, అదే మంచిది.

కింది అరలో బిస్కట్ల డబ్బా ఉంది కదా. ఈమధ్య ఖాళీ అవుతోందని ఎలకలబోను తెచ్చావు. రెండువారాలుగా దాన్లో ఎలక పడట్లేదని ఆశ్చర్యపోతున్నావు. రెండొందల ఆరు ఎముకలూ నేర్చుకున్నావు, ఎలక మూత తిప్పి తీసి, తిని, మళ్ళీ మూత బిగించి పెడుతుందా అని ఆలోచించలేదా?

ఎలక కాదు. నేనే.

ఎలా తీశానా? కూర్చుని తీశాను. గొంతుక్కూర్చుని. నువ్వు క్లినిక్కుకి వెళ్ళినప్పుడు.

అలా చూడకు. పూర్తిగా చెప్పనీ. మళ్ళీ చెప్పలేను.

వంగుతుంది. మూడు వారాల నుంచీ వంగుతోంది. డెబ్బై దాకా నువ్వు వంచుతావు, అక్కడ నేను తొడ బిగపడతాను, కేక పెడతాను. తొడ వదిలేయండి, వదిలేయండని నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు. సరిగ్గానే చెప్పావు. నీ చేతికి తెలిసింది. నేనే అబద్ధం చెప్పాను, చేతిని నమ్మక నువ్వు నన్ను నమ్మావు.

నీ స్కేలుతో నేనే కొలుచుకున్నా కూడా. నిన్న మధ్యాహ్నం. నూట పద్దెనిమిది.

ఎందుకా? ఎందుకేమిటి... ఎందుకంటే...

కండక్టరు ఇంకో మాట కూడా అన్నాడులే ఆ రోజు. "మీ ఆవిడ తెల్లకోటు వేసుకుని పోతే, టిఫిన్ డబ్బా సర్దేది నువ్వేరా" అన్నాడు. నవ్వాను. నవ్వి, వాడు వెళ్ళాక రాత్రిదాకా అదే మాట నమిలాను. నిన్ను చూసి నవ్వినవాణ్ణి, నన్ను చూసి నవ్వుతారేమోనని భయపడ్డాను. చాలా గొప్పగా ఉంది కదూ?

అదొక్కటే అయితే బాగుండు. తిట్టి వదిలేసేదానివి.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నువ్వు రోజూ గంటసేపు నా పక్కన కూర్చుని, నా కాలు ఒళ్ళో పెట్టుకుని, ఇక్కడ నొప్పా, ఇక్కడా అని అడిగింది ఈ మూడు వారాలే. తీరిక ఎక్కడిది నీకు, మిషను దగ్గరుంటే నువ్వు, బస్సులో ఉంటే నేను. నాకు బాగుంది. అంతే. ఈ వయసులో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ బాగుంది. అంకె పెరిగితే నాతో పనైపోతుంది, ఆ చేతులు వెళ్ళి ఊళ్ళో వాళ్ళందరి మోకాళ్ళ మీద పడతాయి. డెబ్బై దగ్గర ఆపితే, రేపు మళ్ళీ కూర్చుంటావు. ఇంతే నా లెక్క. నువ్వు దరఖాస్తే మానేస్తావని నేననుకోలేదు.

అనుకోలేదా? ఏమో. అనుకున్నానేమో. ఇవాళ పొద్దున నువ్వు తల దువ్వుకుంటుంటే, ఎలాగోలా ఆగిపోతే బాగుండని ఒక్క క్షణం అనిపించింది. ఇదిగో, ఆగిపోయావు. నేనిప్పుడు సంతోషించాలి. మిషను చప్పుడు వినగానే ఒళ్ళు మండింది, నా మీద నాకే.

నీ మెడ నొప్పి సంగతి, ఏడేళ్ళ నుంచి కుడిచేత్తో మెడ పట్టుకుని కుడతావే, అదెక్కడ మొదలైందని నేనొక్కసారన్నా అడిగానా? అడగలేదు. నాకు స్కేలూ లేదు, బుద్ధీ లేదు.

తిట్టు. ఆ దిండుని గుద్దినట్టు నన్ను గుద్దు, కింది అంతస్తావిడ వస్తే వచ్చింది.

ఏం వెతుకుతున్నావ్? ఓ. స్కేలా.

సరే. ఇదిగో కాలు. అమ్మా, చల్లగా ఉంది ప్లాస్టిక్కు. వంచు. తొడ వదిలేశాను, చూసుకో, నిజంగా వదిలేశాను. డెబ్బై. దాటింది కదా? ఎనభై... తొంభై... లేదు, నొప్పి లేదు. ఉంది కొంచెం, నిజంగానే ఉంది, పర్లేదు, వంచు. ఇంకా. ఇంకా... ఆ, ఇక చాలు. ఇది దొంగ చాలు కాదు.

ఎంత?

నూట పదిహేనా? నాకు పద్దెనిమిది వచ్చిందే! పట్టుకోవడం రాలేదా నాకు? సరే, నువ్వు కొలిచిందే రాయి.

ఏడవకు. మూడు దాటింది. బీరువా మీంచి ఫైలు నేను తీస్తాను, నువ్వు పెన్ను చూసుకో. మూడంతస్తులూ దిగి నీతోపాటు కౌంటరు దాకా వస్తాను. చెయ్యి పట్టుకోనక్కర్లేదు. పట్టుకోవాలనిపిస్తే నీ ఇష్టం.

నింపావా ఖాళీ? ఏదీ చూపించు. నీ దస్తూరీ బాగుంటుంది.

ఆగాగు, ఫైలు మూసెయ్యకు. దాని కిందే ఇంకో వాక్యం రాశావు, "రోగి ప్రతిరోజూ పూర్తిగా సహకరించారు" అని.

అది కొట్టెయ్.