గడప దాటేదాకా మన డబ్బు

వాంకూవర్ విమానాశ్రయంలో వలస అధికారి ముందున్న వరుసలో, మనీలా నుంచి స్థిరపడడానికి వచ్చిన భార్యాభర్తలు నిలబడ్డారు.

"బతకడానికి డబ్బుందని చూపిస్తేనే లోపలికి రానిస్తారు. అడిగితే, ఖాతాలోదంతా మనదే అని చెప్పు."

"మీ లుర్దెస్ పిన్నిదిగా."

"ఈ గడప దాటేదాకా మనదే. రేపు తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఇచ్చేశాక మనం ఏం తింటాం?"

"ఇక్కడ ఆవిడ ఇంట్లోనే గది ఇస్తుందట. ఆవిడ బేకరీలోనే ఇద్దరికీ పని."

"జీతమెంత?"

"ఇంత సాయం చేసిన మనిషిని జీతం అడుగుతామా? సిగ్గుండక్కర్లా?"

"ఎన్నాళ్ళు చెయ్యాలి?"

"అదీ అడగలేదు. పాస్‌పోర్టులు తనకిమ్మంది, భద్రంగా దాస్తుందట."

అధికారి బ్యాంకు కాగితం ఇలా చూసి, అలా ముద్ర వేసి, స్వాగతం చెప్పాడు.

"చూశావా, డబ్బు ఎవరిదని అడగనే లేదు. ఊరికే భయపడి చచ్చావు."

"అడుగుతాడేమోనని ఆశపడ్డాను."