రుచి చూడని మాస్టారు

కాలు బెణికింది మీ చెల్లెలికి బావగారూ, కుంటుతున్నది నేను. కూర్చోండి. ఆవిడ లోపల నిద్రపోతోంది, తర్వాత చూద్దురు గాని. ఇవి వేణ్ణీళ్ళు, తాగండి. ఈ ఇంట్లో టీ మానేసి తొమ్మిదేళ్ళయిందని మీకు తెలుసుగా. అలా మొహం పెట్టకండి. అలాంటి మొహాలు నిన్న ముప్పై ఎనిమిది చూసొచ్చాను, చాలు.

ఆఁ, నా క్లాసులోనే. ఆస్పత్రి వెనక హాల్లో, ఆరోగ్యానికి శాకాహారం ఎలా వండుకోవాలో నేర్పే క్లాసులో. ఫ్యాక్టరీ క్యాంటీన్ మూసేసినప్పుడు మీరే కదా అన్నది, ఎనిమిదో తరగతి చదివినవాడికి మాస్టారు పని ఎవడిస్తాడని? ఇచ్చారు. ఇప్పుడు దాన్ని పర్మనెంటు కూడా చేస్తామంటున్నారు. సోమవారం పెద్ద డాక్టరు గారు నలుగురు కమిటీ వాళ్ళని వెంటబెట్టుకొస్తారు. నేను వండింది తింటారు. తిని సరేనంటే కాయితం మీద సంతకం. లేదంటే యాభై రెండేళ్ళకి మళ్ళీ వీధిలో పడతాను.

ఈ దారికి ఊరికే రాలేదండీ. క్యాంటీన్లో ఇరవై ఏళ్ళు మరిగే నూనె ముందు నిలబడ్డాను. నా చేతి తిండి తిన్నవాళ్ళే ఒక్కొక్కళ్ళూ గుండె పట్టుకుని కూలబడుతుంటే చూశాను. ఇక వండితే మనిషిని నిలబెట్టే తిండే వండాలని అప్పుడే అనుకున్నాను. తెల్లవారకముందే లేస్తాను. ఒంటిపూట తింటాను. వండేటప్పుడు రుచి చూడను. ఎందుకు చూడాలి? కొలత ఉంది, గడియారం ఉంది. వంటవాడు గరిట నాకడం మొదలుపెడితే ఆ వంట నాలుక చెప్పినట్టు ఆడుతుంది. మొదటి రోజే బోర్డు మీద రాస్తాను, బెత్తెడు నాలుక కోసం నిలువెత్తు ఒళ్ళు పాడుచేసుకోకండి అని.

ఎవరికి రాస్తున్నాను? ఒకావిడకి నాలుగు ఉంగరాలు. క్యారెట్ తరగమంటే వాటిని తీసి ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికే అరగంట. ఒక బ్యాంకు ఆయన ఉడికిన క్యాబేజీకి ఫోటో తీసుకుంటాడు, అదేదో పెళ్ళికూతురైనట్టు. ఇంకొకామె మొగుడికి షుగరు. ఈవిడ లోపల నేర్చుకుంటుంటే ఆయన బయట మెట్ల మీద కూర్చుని బిస్కెట్లు నములుతుంటాడు. ఇదండీ నా శిష్యబృందం.

మొదటి బ్యాచ్‌కి పద్ధెనిమిది మంది వచ్చారు, వారం తిరిగేసరికి నలుగురు మిగిలారు. రెండో బ్యాచ్ కూడా అంతే. చేవ లేని మనుషులు, పోతే పోయారనుకున్నాను. మూడో బ్యాచ్ నుంచి మీ చెల్లెల్ని వెంట తీసుకెళ్ళాను, గిన్నెలు కడగడానికి, వడ్డించడానికి. నోట్లో నాలుక లేని మనిషి, ఆ మూల బల్ల దగ్గర నిలబడుతుంది, అంతే.

అప్పట్నుంచి ఒక్కడు మానితే ఒట్టు. ముప్పై ఎనిమిది మంది హాల్లో, ఇంకో ఇరవై మంది పేర్లిచ్చి బయట. నా మాట బలం అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన కూడా చేశాను.

నిన్న ఆవిడ రాలేదు. అవే చిక్కుడు గింజలు, అదే గుమ్మడికాయ, అదే కొలత. నేనే వడ్డించాను. ఒక్క ముద్ద, అంతే, హాలు హాలంతా నమలడం ఆపేసింది. ఉంగరాలావిడ రుమాల్లోకి ఉమ్మేసుకుంది, నేను చూడలేదనుకుని. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయనున్నాడు, పెద్దమనిషి. పళ్ళెం పక్కకి జరిపి మెల్లిగా అడిగాడు.

‘ఇవాళ అమ్మగారు రాలేదా మాస్టారూ?’

రాలేదన్నాను.

‘అదీ సంగతి.’

హాలంతా తలూపింది బావగారూ. అందరికీ తెలుసు. ఆ బిస్కెట్ల మొగుడికి కూడా తెలిసే ఉంటుంది.

ఇంటికొచ్చి ఆవిడ సంచి వెతికాను. ఒకరి సంచి వెతకడం తప్పే, ఆ తప్పూ చేశాను. అడుగున స్టీలు డబ్బా. నువ్వులూ వేరుశనగలూ జీలకర్రా వేయించి దంచిన పొడి. గుడ్డలో చుట్టిన రెండు నిమ్మకాయలు. వడ్డించే ముందు గిన్నెలో కలిపేదన్నమాట, నేను అటు తిరిగి బోర్డు మీద నీతులు రాస్తున్నప్పుడు.

నూనె చుక్క లేదు. ఉప్పు రవ్వంత పెంచలేదు. మోసమని అరుద్దామంటే అరవడానికి ఏమీ మిగల్చలేదు. నా నియమం దాటకుండానే నన్ను కొట్టింది మీ చెల్లెలు. మెత్తని కత్తి అంటారే, అది.

ఏమిటి? ఉన్నమాట చెప్పి ఆవిణ్ణి పక్కన నిలబెట్టుకోవాలా? మీకేం, కూర్చుని చెబుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో ఓడిపోయిన సంగతే తెలీకుండా రచ్చలో మీసం తిప్పినవాణ్ణి. నవ్వకండి, ఆవిడ లేస్తుంది.

వినండి. మీకు కారుంది. సోమవారం తొమ్మిదింటికి ఆవిణ్ణి హాలుకి తీసుకురండి. మీకే నా క్లాసు చూడాలనిపించి తీసుకొస్తున్నట్టు తీసుకురండి, నేను అడిగానని కాదు. ఆ సంచి మర్చిపోవద్దు. బల్ల దగ్గర కుర్చీ వేయిస్తాను, గిన్నె చేతికందేట్టు. నేను బోర్డు వైపు తిరిగే ఉంటాను. ఆ పూట కాస్త ఎక్కువసేపే రాస్తాను.

అబద్ధం నూనె కన్నా చెడ్డదని, అదే రాస్తాను. రోజూ రాసేదే.

అలా చూడకండి. టీ మానుకున్నాను, నూనె మానుకున్నాను, రాత్రి తిండి మానుకున్నాను. ఆ గదిలోకెళ్ళి ‘నీ చేతి చలవే’ అని ఒక్క మాట అనాలంటే మాత్రం నావల్ల కాదు. అంతవరకే నా నిగ్రహం.

ఇంకొక్కటి. డబ్బా ఉన్నచోటే పెట్టేశాను. కానీ పెట్టేముందు వేలు తడిచేసి కొంచెం అద్దుకున్నాను. నాలుక మీదే, ఇంకెక్కడ? తర్వాత ఇంకొంచెం. మూత పెట్టేసరికి అడుగు కనిపిస్తోంది.

సోమవారానికి అది నిండాలి. కొలత నాకు తెలీదు. మీ ఇంట్లోకి కావాలని చెప్పి ఆవిడ చేతే దంచించండి బావగారూ. కాస్త ఎక్కువే దంచమనండి.