ఎదిగే పిల్ల గౌను

కొత్త గుడ్డకి కత్తెర పెట్టే ముందు నీళ్ళలో ఎందుకు నానేస్తారో మీలో ఎవరైనా చెప్పగలరా? మురికి పోవడానికా? కాదు నాయనా, ఇంకొంచెం ఆలోచించు. కొత్త గుడ్డ కోతలరాయుడి లాంటిది. కొట్లో ఉన్నంతసేపూ నేనింత అంటుంది, నీళ్ళలో మునిగి ముడుచుకున్నాక గానీ అసలు కొలత చెప్పదు. తొట్టిలో గుడ్డ ఎలాగూ నానుతోంది గనక, ఈలోగా ఒక గౌను సంగతి చెబుతాను, చెవులిటు పడేయండి.

ఒక వీధిలో ఒక టీ కొట్టు, దాన్ని ఆనుకుని గుండీలూ దారాలూ అమ్మే చిన్న కొట్టు. ఆ కొట్టావిడని అందరూ గుండీలమ్మ అనేవారు. ఆ వీధిలోనే గోడలకి రంగులేసే ఒకాయన ఉండేవాడు. మూరెడు సంగతిని బారెడు చేసి చెబుతాడని ఆయనకి బారెడనే పేరు స్థిరపడిపోయింది.

ఒకరోజు పొద్దున బారెడు భార్య గుండీలమ్మ దగ్గరికి వచ్చింది, చేతిలో కూతురి పాత గౌనుతో. "నడుం దగ్గర ఇంకా లోపలికి కుట్టాలి వదినా, జారిపోతోంది. పిల్ల లేచి కూర్చోలేకపోతోంది," అని నడుం కొలత కూడా చెప్పి, ఒక దారపు రీలు తీసుకుని, ఏడవకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం బారెడు వచ్చాడు, చంకలో గుడ్డ పొట్లం పెట్టుకుని.

"మీ పాప బడికి వెళ్ళట్లేదటగా," అన్నాడు టీ కొట్టాయన, గ్లాసు అందిస్తూ.

"బడికా? ముందు బడి గుమ్మంలో పట్టాలిగా. ఎదిగే పిల్ల బాబూ. ఎనిమిదేళ్ళ పిల్లకి రెండు మీటర్లు చాలన్నాడు గుడ్డల కొట్టాయన, నేను నాలుగు కోయించాను. ఎందుకంటావా? నిరుడు కుట్టిన గౌను పొద్దున పాదాల దాకా ఉందా, సాయంత్రానికి మోకాళ్ళు దాటింది. మా ఆవిడ కింద మడత విప్పడం మొదలెట్టింది, కుడివైపు విప్పి ఎడమవైపుకి వచ్చేసరికి కుడివైపు మళ్ళీ పొట్టి, అలా పిల్ల చుట్టూ తిరిగీ తిరిగీ కళ్ళు తిరిగి కూలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లేచి మళ్ళీ తిరిగింది," అన్నాడు బల్ల మీద కూర్చున్న దర్జీ.

"నేను దిగాను రంగంలోకి. జిప్పు నడుం దగ్గర పట్టుకుని పైకి లాగుతున్నాను, లాగుతున్నాను, మెడ అందితేనా. చివరికి రంగులేసే నిచ్చెన తెచ్చి, గోడకి కాదు, పిల్లకే ఆనించి ఎక్కాను. పైనుంచి ఊళ్ళో డాబాలన్నీ కనిపించాయి, ఎవరు ఏం ఆరేశారో ఇప్పటికీ చెప్పగలను."

"మరి కొలతెలా తీశావు?" అన్నాడు టీ కొట్టాయన.

"దర్జీలందరి టేపులూ తెచ్చి ముడేశాను. అన్నీ కలిపినా నడుం దగ్గరే ఆగిపోయాయి."

"నా టేపు కనబడక నెలయింది," అన్నాడు దర్జీ.

"అక్కడే ఉంది, పిల్ల వంగినప్పుడు తీసిస్తాలే."

అందరూ నవ్వారు. గుండీలమ్మ నవ్వలేదు. పొట్లం చిరుగులోంచి ఆవిడకి గుడ్డ కనిపిస్తోంది. మెరిసే గుడ్డ, బిరుసుగా ఉంటుంది, ఒంటికి గీరుకుంటుంది. ఎముకలు తేలిన ఒంటికి మరీనూ.

బారెడు ఆవిడవైపు తిరిగాడు. "చెల్లెమ్మా, నీ కొట్లో అన్నిటికంటే పొడుగు జిప్పు ఇవ్వు, వీపుకి. గట్టి లేసు కూడా. గుండీలు మాత్రం అక్కర్లేదు, నిన్న మా పాప చెయ్యి చాపి చుక్కల్ని కోసి నా దోసిట్లో పోసింది, వాటినే కుట్టించేస్తాను. ఈ గౌను తొడిగామంటే పిల్ల ఏకంగా మబ్బుల్లోకే. ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

"వీపుకి జిప్పు వద్దన్నయ్యా," అంది గుండీలమ్మ నెమ్మదిగా. "ముందువైపు గుండీలు పెట్టించు, మెడ నుంచి కింది అంచు దాకా. పడుకోబెట్టే తొడగొచ్చు."

బారెడు చంకలో పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. దర్జీ గ్లాసు కింద పెట్టాడు.

"మీ వదిన వచ్చిందా?" అన్నాడు బారెడు.

"పొద్దున వచ్చింది."

"నడుం... ఎంతని చెప్పింది?"

ఇంట్లో పిల్ల నడుముకి టేపు చుట్టినప్పుడల్లా ఆయన బయటికి వెళ్ళిపోయేవాడని ఆవిడకి అప్పుడర్థమైంది. అంకె పైకి చదవలేదు. టేపు పరిచి, ఒకచోట వేలు పెట్టింది. ఆయన ఆ వేలికేసి చూశాడు, టేపు మొదలుకేసి చూశాడు, మళ్ళీ వేలికేసి చూశాడు. అది నాలుగేళ్ళ పిల్ల కొలత.

"గుడ్డ కోయించేశావుగా, ఉండనీ," అందావిడ. "లోపల మెత్తటి నూలు లైనింగు వేయించు, గీరుకోదు. గుండీలు పలచటివి ఇస్తాను, ఒత్తుకోకుండా."

గుండీలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆయన జేబులో వేసుకుని, వెళ్ళబోతూ ఆగాడు.

"కింద మడతకి మాత్రం గుడ్డ వదిలిస్తాను చెల్లెమ్మా. ఎదిగే పిల్ల."

"వదిలించన్నయ్యా," అంది గుండీలమ్మ. "బారెడు వదిలించు."

ఏమిటమ్మా? గౌను వేసుకుందా అనా? వేసుకుంది. ముందువైపు గుండీలు గదా, నొప్పి తెలియకుండా తొడిగారు. మడతా? అది విప్పే పని పడలేదు.

సరే, కాళ్ళు తీయండి, నన్ను లేవనివ్వండి. ఎండ పోకముందే ఆ గుడ్డ ఆరేయాలి. పిండకూడదు, గుర్తుంచుకోండి, నీళ్ళు వాటంతటవే కారిపోవాలి.