మూలనున్న చిన్న గీత

ఫ్లెక్సీలు వేసే కొట్టులో మేనకోడలు తన రెండు బొమ్మలనూ నేలమీద పరిచి తల పట్టుకుంది. గంటలో ఆమె థీసిస్‌ను పరీక్షించే ప్రొఫెసర్లు యూనివర్సిటీకి వస్తారు. బొమ్మలు అచ్చువేసిన మేనమామకు ఆ వాలకం నచ్చలేదు.

“మావయ్యా, రెండింటికీ కింద మూలన చిన్న గీత ఉండాలి. ఏదీ?”

“మరకనుకుని చెరిపేశా. ఇప్పుడు శుభ్రంగా లేదూ?”

“అది కొలత గీత! ఏది అయస్కాంతం మొత్తమో, ఏది అందులో చిటికెడు ముక్కని పెద్దది చేసిందో చెప్పేది అదే. మళ్ళీ వెయ్యి.”

“కరెంటు పోయింది. కంప్యూటర్ కూడా పడుకుంది. అయినా చూస్తే తెలీదా?”

“నువ్వు చెప్పు చూద్దాం.”

ఆయన వంగి చూశాడు. రెండింటిలోనూ నల్లమచ్చలు, వాటిలో తెల్లమచ్చలు, వాటిలో మళ్ళీ నల్లవి.

“రెండూ ఎలక కొట్టిన దుప్పట్లే. ఇన్నేళ్ళు చదివి కనిపెట్టింది ఇదా?”

“ఇదే! నల్లవి ఒకవైపు తిరిగిన అణువులు, తెల్లవి ఎదురువైపువి. సరిగ్గా అయస్కాంతం బలం పోయే వేడి దగ్గర, ఎంత పెద్దది చేసి చూసినా లోపల ఇలాగే ఉంటుంది. దాదాపు.”

“ఆ దాదాపు దేనికి? తప్పించుకోడానికా?”

“అణువుల దాకా దిగితే ఇక మచ్చలుండవుగా.”

“మరి ఏడుపెందుకు? ఏది ఎటు తగిలించినా ఒకటేగా!”

ఆమె ముక్కు తుడుచుకుని లేచింది.

“అయితే ఏది ఏదో వాళ్ళనే చెప్పమంటా. చెప్పలేకపోతే నేను గెలిచినట్టే.”

“గీత ఏదని అడిగితే?”

“మావయ్య చెరిపేశాడంటా.”

“నా పేరెత్తావంటే ఊరుకోను. ఎంత పెద్దది చేసినా ఒకటేనన్న మీ సూత్రమే చెరిపేసిందని చెప్పు.”