ఇద్దరు దాలమ్మలు

హలో… ఆ, నేనే అన్నా, దాలమ్మని. ఎస్టేటు ఆసుపత్రి ఫోను కాడినించి… కట్లు కట్టే డ్రెస్సరయ్య అన్నానికెళ్ళినాడు.

లేదు, ఒంట్లో బాగానే ఉంది. విను. మా లారీ పట్నం పెద్దాసుపత్రి కాడినించి పన్నెండింటికి బయల్దేరతాది. మీ పోలీసు టేసను జీపు పంపించి ఆపించు.

— వంతెన కాడ అడవోళ్ళు, ఆ కమ్యూనిస్టోళ్ళు, కాసుకున్నారు. తుపాకులున్నాయి… నేను సూడలేదు. అది సూసింది. పుల్లలేరడానికెళ్ళి.

— ఇంకెవరు, నా సవితి. కూర్మమ్మ.

— లారీలోనా? ఆడోళ్ళు, సంటిపిల్లలు. నడిపేది మీ బావే.

— సూసినోళ్ళ పేరూ గుర్తింపు కార్డూ లేకపోతే మీ పోలీసు దొర జీపు పంపడా… దానికి కార్డెక్కడిది అన్నా. నీకు తెలీనట్టు అడుగుతావేటి. పోలయ్యకి పెళ్ళాం ఒకర్తే అని రాసుంది కదా కాయితాల్లో. కొత్తోళ్ళని ఈ మలాయి దేశంలోకి రానివ్వటం లేదని, నా పేరెట్టి దాన్ని మన దేశాన్నించి ఓడెక్కించి తెచ్చినాడు.

— ఆ, కుళ్ళే. కుళ్ళుకోనా మరి? ఎవరికీ అనుమానం రాకూడదని ఇంట్లో కూడా దాన్నే ‘దాలా’ అని పిలుత్తాడు. నన్నేమో ‘ఒసే, నిన్నే’ అంటాడు. మొన్న ‘దాలా, మంచినీళ్ళు’ అంటే గ్లాసట్టుకెళ్ళినాను. నిన్ను కాదే అన్నాడు… పదారేళ్ళ కాపరం అన్నా. సేప తలకాయ కూడా దాని కంచంలోకే పోతాది.

— తెలుసు. దాని పేరు సెప్తే మళ్ళీ ఓడెక్కించేత్తారు. ఫోనెత్తే ముందు నేను ఆలోచించింది అదే. ఒక్క మాట సెప్తే నా ఇల్లు నాకొచ్చేత్తాదని… అబద్ధమెందుకు, సంతోషమేసింది.

— అదా? ఇక్కడే తలుపు కాడ నిలబడి ఏడుత్తంది. ఎస్టేటు గుమస్తా కిరాణీకి సెప్పవే అంటే, కార్డడుగుతాడని ఎళ్ళనంది. పోయిన నెల అడవోళ్ళు కూలీల లైనిళ్ళకి నిప్పెట్టినప్పుడూ ఇంతే కదా. ఆళ్ళు రావటం ముందే సూసినోళ్ళు ఇద్దరున్నారు. కార్డుల్లేవు, నోరిప్పలేదు. నాలుగిళ్ళు కాలిపోయినాయి.

— మెర్డేకా, ఆ సొతంత్రం వత్తే అందరికీ కార్డులిత్తారా… అప్పటిదాకా బతకాల కదా అన్నా.

— టైమెంతయింది? … అయ్యో, అరగంటే ఉంది. దొర పక్కనే ఉన్నాడా? రాసుకోమను. దాలమ్మ, పోలయ్య పెళ్ళాం, బటాంగ్ బెర్జుంటై ఎస్టేటు. కార్డు నా కాడే ఉంది, వచ్చి సూసుకోమను.

— తెలుసన్నా. నా పేరు అడవోళ్ళ సెవిన పడితే నా గొంతే కోత్తారు… ఏ దాలమ్మా అని అడుగుతారేటి? కార్డున్న దాలమ్మనే కదా పట్టుకుంటారు.

— ఎంతమంది, ఏ గట్టున, ఏ బట్టలు… నాకేటి తెలుసు. దాని సేతే సెప్పిత్తాను. నువ్వు దొరకి మలాయిలో సెప్పుకో. దొర అడిగితే మాటాడేది దాలమ్మే అను.

ఒసే, ఇలా రా. ఏడుపాపు. ఇదిగో, ఈ పక్క సెవికి పెట్టుకో, ఇటు మాటాడు. సూసిందంతా సెప్పు, ఒక్కటీ దాచకు… పేరా? కూర్మమ్మ కాదే, దాలమ్మనని సెప్పు.

… ఎందుకలా సూత్తావు? అప్పుడు నా పేరు నన్నడక్కుండా తీసుకున్నారు. ఇప్పుడు నేనే ఇత్తన్నాను. మాటాడు.