పెరిగే పోరికి ఎంత అన్నం

చొప్పదండి. దీపిక బియ్యం కడుగుతోంది, పక్కన అమ్మమ్మ లస్మవ్వ. స్పీకర్ ఫోన్లో, కువైట్‌లో ఒకరింట వంటపని చేసే తల్లి జమున; దీపికకు ఆమె ‘అవ్వ’.

“ఎంత పోసినవ్ బిడ్డా బియ్యం?”

“రెండు గిలాసలు. అవ్వా, వచ్చే నెల ఏ తారీఖుకు వస్తున్నవ్?”

“చెప్త గని, ముందుగాల గిది ఇను. నీ తీరుగ కబడ్డీ ఆడే పిల్లకు రోజుకు ఎన్ని కేలరీలు గావాల్నో లెక్క ఉంటదట. మేడం కొడుకు యూసుఫ్‌కు గట్లనే లెక్కగట్టి వండుత. మూడు వేల రెండొందలు! కోడికూర గూడ కాంటా పెట్టుడే.”

“వాని తిండి నాకెందుకే? టికెట్ తీసినవా?”

“జర ఆగు. నీది గూడ నేనే లెక్కజేస్త. వయసు పదమూడు...”

“పదిహేను.”

“పదిహేనా?”

“మొన్న శ్రావణంల నిండినయ్.”

“సరే, పదిహేను. బరువు ముప్పై ఆరు...”

“నలభై ఏడు.”

“ఎత్తు నా భుజం దాక...”

“నీ డ్రెస్సులన్నీ నాకు కురుచైనయ్ అవ్వా.”

“గంత పెరిగినవా?”

“నువ్వు చూడక నాలుగేండ్లాయె.”

“సరే, సరే. పొద్దుగాల ఏం తింటున్నవ్?”

“చాయ, రస్కులు. బళ్లె అన్నం, వారానికి మూడు గుడ్లు. రాత్రికి అన్నం, చారు.”

“పదిహేను వందలు గూడ దాటలే! నీకు రెండు వేల ఆరొందలు గావాలె. అవ్వా, నీ మన్మరాలికి ఏం పెడ్తున్నవే?”

“నా చేతులు వణుకుతయ్ జమునా. పోరే వండి నాకు పెడ్తది.”

“అమ్మమ్మను ఏమనకు. నువ్వే వచ్చి పెట్టు. తారీఖు చెప్పు.”

“బిడ్డా... యూసుఫ్ ఎదిగే పోరడు. నా చేతి వంట తప్ప ముట్టడు. నేను పోత అంటే మేడం ఏడ్చింది.”

“అయితే?”

“నీ సదువు ఖర్సు గూడ ఉన్నది గద...”

“అయితే ఏందే?”

“ఇంకో రెండేండ్లకు కాయితం మీద దస్కతు పెట్టిన.”

బియ్యం గిన్నె ఠక్కున కింద పెట్టిన చప్పుడు.

“దీపికా? రోజు రెండు గుడ్లు తిను. పాలు, పల్లీలు... ఇంటున్నవా? దీపికా!”

“నేనే, జమునా. పోరి పోయింది.”

“ఏడికి?”

“ఏమో. తడి చేతులు గూడ తుడుసుకోలే.”

“గట్లెట్ల పోతదే, ఒక్క మాట చెప్పకుంట?”

“నువ్వు గూడ గట్లనే పోతివి గద బిడ్డా, అది నిద్రల ఉండంగ.”