కోతులెరిగిన తుపాకి

పాత బొమ్మ తుపాకులు పోగుచేసే ఆయన పాల్వంచ నుంచి అడవి అంచు మక్కచేనుకు వచ్చాడు. సంచిలో కౌబాయ్ తోలు ఒర ఉంది. అందులో సరిగ్గా పట్టే రీలు తుపాకి కావలి ముసలమ్మ చేతిలో ఉంది.

“అమ్మా, కొత్తది తెచ్చిస్త, ఇది నాకియ్యి.”

“కొత్తదానికి కోతులు బెదరయ్ బిడ్డా. వాటికి ఇదే ఎరుక.”

“టపాసు రీలు ఏడ దొరుకుతంది?”

“నిరుడే అయిపోయింది. ఊకె ఎత్తి సూపిస్తే ఉరుకుతయ్. నువ్వేం జేస్తవ్ దీంతోని?”

“అద్దాల బీరువల పెడ్త.”

“మీ ఇంటికి గూడ కోతులొస్తయా?”

ఆయన చేను వంక చూశాడు. సంచిలోంచి ఒర తీశాడు.

“ఇగో, ఇది నడుముకు కట్టుకో. తుపాకి ఈ ఒరల పెట్టు.”

“పెట్టిన. ఇగ?”

“ఒక్కసారి సర్రున తియ్యమ్మా. ఇన్నేండ్లు నా బీరువల ఈ ఒరలకెల్లి ఎవ్వరూ తుపాకి తియ్యలే.”